‘నేనే’ గారి ఆచూకీ

మా కార్యాలయంలో కాగితం మీద ఫిర్యాదు తీసుకోవడం మానేసి మూడేళ్లయింది. కాగితమైతే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. కింద సంతకం ఉంటుంది, లేకపోతే వేలిముద్ర ఉంటుంది, ఒక్కోసారి రాసిన మనిషే ఎదురుగా నిలబడి ఏడుస్తూ ఉంటుంది. ఇందులో పారదర్శకత లేదని రాజధానిలో పెద్దలకు తోచింది. ఇకమీదట జిల్లా విన్నపాల పరిష్కార కేంద్రానికి ఏది పంపినా కంప్యూటరు ద్వారానే పంపాలన్నారు. జనం నెట్ సెంటర్లకు వెళ్లి రాయించి పంపడం నేర్చుకున్నారు. మేం వాటిని తెరవకుండా ఉండడం నేర్చుకున్నాం.

ఈ ఏడాది మార్చిలో ఇంకో సర్క్యులర్ దిగింది. "కంప్యూటరు ద్వారా అందు ప్రతి విన్నపమునకు ముందుగా మూలస్థాన నిర్ధారణ జరుపవలెను. విన్నపము ఏ కంప్యూటరు చిరునామా నుండి బయలుదేరినదో తేలనిదే, అందలి విషయమును ఎట్టి పరిస్థితులలోను పరిశీలించరాదు" అని దాని సారం. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా కేక వేస్తే, ఆ కేక ఏ నోట్లోంచి వచ్చిందో తేలేదాకా మంట వైపు చూడకూడదన్నమాట. నేను ఆ కార్యాలయంలో సూపరింటెండెంటుని. సర్క్యులర్ అందినట్టు సంతకం పెట్టి ఫైల్లో పెట్టాను.

మూలస్థానం ఎలా పట్టుకోవాలో నేర్పడానికి రాజధాని నుంచి ఒకాయన వచ్చాడు. నెట్‌లో ఉన్న ప్రతి కంప్యూటరుకీ అంకెల్లో ఒక అడ్రసు ఉంటుందన్నాడు. నల్లటి తెర ఒకటి తెరిచి, ‘పింగ్’ అని కొట్టి, ఆ అంకెలు వేస్తే అవతలి కంప్యూటరు ఉన్నానని జవాబు చెబుతుంది, ఎంతసేపట్లో చెప్పిందో కూడా పడుతుంది. ‘ట్రేస్‌రూట్’ అని కొడితే మన పిలుపు ఏయే మజిలీలు దాటి అక్కడికి చేరిందో వరసగా చూపిస్తుంది. ఇంతే పాఠం. తర్వాత బిర్యానీ పొట్లాలు పంచారు.

ఆ పూటతో మా డిప్యూటీ డైరెక్టరు శరభేశ్వరరావు గారు వేరే మనిషైపోయారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన పిలిస్తే ఇంత త్వరగా పలికినవాళ్లు ఎవరూ లేరు. బంట్రోతు సైతం మూడోసారి బెల్లు కొడితే గాని కదలడు. అలాంటిది, వేలితో మీట నొక్కగానే కళ్లు మూసి తెరిచేలోగా నాలుగు జవాబులు! ఆయన పొద్దున వచ్చీ రాగానే జిల్లాలో ఉన్న ఆఫీసులన్నిటినీ ఒక చుట్టు పింగ్ చేసేవారు. మేం నమస్కారం పెడితే "ఆఁ, పింగ్ చేశారా?" అనేవారు. ఒకరోజు వ్యవసాయశాఖ కంప్యూటరు జవాబివ్వలేదు. కరెంటు పోయిందని ఫోను చేసి చెప్పారు వాళ్లు. "ఫోనులో పలికితే చాలదు, పింగులో పలకాలి" అని ఆయన వాళ్లకు మెమో ఇచ్చారు.

అలాంటి రోజుల్లో వచ్చింది మరిడమ్మ.

నత్తలంక అనే ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. యాభై దాటి ఉంటాయి. ఆ ఊళ్లో బడి పంటకాలవకు అవతలి గట్టున ఉంది, వంటశాల ఇవతలి గట్టున ఉంది. ఎందుకలా అని అడగకండి, రెండూ వేర్వేరు శాఖలు కట్టాయి. కాలవ మీద నాలుగు తాటిదుంగలు వేసిన వంతెన ఉండేది. అందులో రెండు దుంగలు పుచ్చి కాలవలో పడిపోయాయి. మిగిలిన రెండింటి మీదుగా ఆవిడ రోజూ పన్నెండింటికి అన్నం గిన్నె ఒకసారి, సాంబారు గిన్నె ఒకసారి నెత్తిన పెట్టుకుని దాటుతుంది. జనవరిలో సాంబారు కాలవ పాలైంది. దుంగలు మార్చమని నెట్ సెంటర్లో రాయించి పంపింది. అందులో ఆవిడ పేరుంది, ఊరుంది, ఫోను నంబరుంది. రెండు నెలలు చూసి, ఎవరూ ఫోను చేయకపోయేసరికి బస్సెక్కి మనిషే వచ్చింది.

"ఆయ్, రాసింది నేనేనండి," అంది శరభేశ్వరరావు గారి ముందు నిలబడి. "వచ్చే నెల్లో కాలవ కట్టేత్తారండి. ఆ రెండు నెల్లూ అడుగున నీళ్లుండవు, అప్పుడు దుంగలేత్తే పడతాయండి. జూన్‌లో నీళ్లొదిలేశాక ఇంక ఎవడూ దిగడండి. ముప్పై ఎనిమిది మంది పిల్లలండి. లాకుల వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్దారంటే నాలుగు కిలోమీటర్లండి, నెత్తి మీద గిన్నెతో."

ఆయన చాలా ఓపిగ్గా విన్నారు.

"చూడమ్మా, నువ్వు రాశావని నువ్వు అంటున్నావు. అది కేవలం మౌఖికం. విన్నపం యొక్క మూలస్థానం సాంకేతికంగా నిర్ధారణ కావాలి."

"నా మూలస్థానం నత్తలంకేనండి. అందులో రాయించానండి."

"అది నువ్వు రాయించినది. యంత్రం రాసుకున్నది వేరే ఉంటుంది. అది చూడాలి. బయట బెంచీ మీద కూర్చో."

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. యంత్రం ఏం రాసుకుందో చూడడానికి గిద్యోనుని పిలిపించారు. కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి అతను. ఆ భవనం మొత్తంలో పని తెలిసిన మనిషి అతనొక్కడే కాబట్టి అతన్ని పర్మనెంటు చేయలేదు. అతను మరిడమ్మ ఫిర్యాదు తాలూకు చిట్టా తెరిచి, అడ్రసు ఉన్న గడి చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"127.0.0.1 అని ఉంది సార్."

"వెంటనే నోట్ చేసుకోండి," అన్నారు శరభేశ్వరరావు గారు నాతో. "దాని ముందుది ఎవరు పంపారు?"

"దానికీ అదే ఉంది సార్. అన్నిటికీ అదే. మొత్తం నాలుగు వేల మూడు వందల పన్నెండు ఫిర్యాదులూ 127.0.0.1 నుంచే వచ్చినట్టు పడింది."

శరభేశ్వరరావు గారు కుర్చీలోంచి మెల్లగా లేచారు. జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి ఘడియ వస్తుందని ఎదురుచూసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆరోజు చూశాను.

"ఒక్కడే!" అన్నారాయన. "జిల్లా అంతా గగ్గోలు పెడుతోందనుకున్నాం. ఒకే ఒక్కడు కూర్చుని ఇదంతా చేస్తున్నాడు. పింఛను రాలేదన్నదీ వాడే, రోడ్డు లేదన్నదీ వాడే, ఆసుపత్రిలో డాక్టరు లేడన్నదీ వాడే. ప్రభుత్వానికి అప్రతిష్ఠ తేవడానికి నాలుగు వేల మూడు వందల పన్నెండు పేర్లతో!"

"అది కాదు సార్," అన్నాడు గిద్యోను. "గేటు దగ్గర వాచ్‌మన్ ఉత్తరాలు తీసుకుని లోపలికి అందిస్తాడనుకోండి. లోపలున్న గుమాస్తా ప్రతి ఉత్తరం మీదా ‘ఇచ్చినవాడు: వాచ్‌మన్’ అని రాసుకుంటే ఎలా ఉంటుంది? మన వెబ్‌సైట్ అదే పని చేస్తోంది. అసలు అడ్రసులు గేటు దగ్గర చిట్టాలో ఉన్నాయి. పది నిమిషాలు టైమిస్తే సరిచేస్తాను."

"సరిచేస్తావా? దర్యాప్తు నడుస్తుండగా సాక్ష్యం సరిచేస్తావా?"

"సార్, 127.0.0.1 అనేది ఎవరి అడ్రసూ కాదు. ఏ కంప్యూటరులో అడిగితే ఆ కంప్యూటరే పలుకుతుంది. ఎలా చెప్పాలి... ఇంట్లో ఉండగా ఎవరో తలుపు కొడతారు. ఎవరూ అంటాం. బయటివాళ్లు పేరు చెప్పరు కదా, ‘నేనే’ అంటారు. ఇదీ అంతే. ఆ అంకెలకు అర్థం ‘నేనే’ అని."

శరభేశ్వరరావు గారు నా వైపు తిరిగారు. "రాసుకోండి. నిందితుడి పేరు: నేనే."

ఆ క్షణాన్నే పింగ్ చేశారు. నాలుగు జవాబులూ మిల్లీసెకను లోపే వచ్చాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత త్వరగా జవాబిచ్చేవాడు ప్రభుత్వోద్యోగి అయితే కాడు," అన్నారు. ఆ దర్యాప్తు మొత్తంలో ఆయన కనిపెట్టిన నిజం అదొక్కటే.

తర్వాత ట్రేస్‌రూట్ కొట్టారు. పది పన్నెండు మజిలీలు పడతాయనుకుంటే ఒక్కటే పడింది. అంటే మనిషి చాలా దగ్గర్లో ఉన్నాడు. తలుపులు మూయించి భవనం సోదా చేయించారు. రికార్డు గదిలో బీరువాల వెనక, జెనరేటరు షెడ్డులో, ఆడవాళ్ల బాత్రూములో కూడా చూశారు. దొరికినవల్లా నిరుడు పోయిందనుకున్న టైపు మిషనూ, సెలవు పెట్టకుండా నిద్రపోతున్న ఇద్దరు ఉద్యోగులూ. మరిడమ్మ బెంచీ మీద నుంచి ఇదంతా చూసింది.

"ఎవరికోసం ఎతుకుతున్నారండి?" అని నన్నడిగింది.

"నీ ఫిర్యాదు రాసినవాడి కోసం," అన్నాను.

"అది నేనేనండి!"

"వాడి కోసమే," అన్నాను. హాస్యమాడాననుకున్నాను. ఆవిడ నవ్వలేదు. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని లేచి వెళ్లింది.

మర్నాడు కలెక్టరేటులో కూర్చుని పింగ్ చేశారు. అక్కడా మిల్లీసెకను లోపే పలికింది. నిన్న మన ఆఫీసులో ఉన్నాడు, ఇవాళ కలెక్టరేటులో ఉన్నాడు, మనం ఎక్కడికి వెళితే అక్కడికి వస్తున్నాడు, అంటే మనల్నే అనుసరిస్తున్నాడు అని శరభేశ్వరరావు గారు తేల్చారు. దాన్ని పరీక్షించడానికి జీపులో లాప్‌టాప్ పెట్టుకుని అరవై కిలోమీటర్లు, సముద్రపు ఒడ్డు దాకా వెళ్లాం. అలలు కాళ్లకు తగులుతుండగా ఆయన మీట నొక్కారు. మిల్లీసెకను లోపే! వెనక్కి తిరిగి చూస్తే ఇసకలో జీపు, జీపు దగ్గర బీడీ కాలుస్తున్న డ్రైవరు సత్తియ్య.

"నువ్వేనా?" అన్నారు శరభేశ్వరరావు గారు.

"ఏటి సార్, నేనేనండి," అన్నాడు సత్తియ్య, బీడీ వెనక్కి దాచేసి.

పాపం, ఆ ఒక్క మాటకు పదిహేను రోజులు సస్పెండయ్యాడు. అతను లేకుండా, వేరే డ్రైవరుతో వెళ్లి పింగ్ చేస్తే అప్పుడూ పలికింది. దాంతో అతన్ని మళ్లీ తీసుకున్నారు గాని, ఆ పదిహేను రోజులూ ‘అనుమానపు కాలం’ అని సర్వీసు రిజిస్టర్లో ఉండిపోయింది.

గిద్యోను ఉండబట్టలేక ఒకరోజు లాప్‌టాప్‌కు నెట్ పీకేసి చూపించాడు. "ఇప్పుడు దీనికి ప్రపంచంతో సంబంధమే లేదు సార్. కొట్టండి పింగ్." కొడితే ఎప్పట్లాగే పలికింది. అది చూస్తే పసిపిల్లకైనా తెలిసిపోవాలి, ఆ యంత్రం తనతో తనే మాట్లాడుకుంటోందని. శరభేశ్వరరావు గారికి మాత్రం ఒళ్లు గగుర్పొడిచింది.

"నెట్ లేకుండా కూడా పలుకుతున్నాడు," అన్నారు గొంతు తగ్గించి. "ఎంతటి యంత్రాంగం ఉండాలి వాడి వెనక!"

ఆ అడ్రసు ఎవరి పేరున రిజిస్టరైందో చూపించే సౌకర్యం నెట్‌లో ఒకటి ఉంది. అందులో కూడా వెతికించారు. పరదేశంలోని ఏదో సంస్థ పేరూ, ‘ప్రత్యేక వినియోగానికి కేటాయించినది’ అనే మాటా వచ్చాయి. ప్రత్యేకం అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయారు. మా శాఖలో ప్రత్యేకం అంటే ఒకటే అర్థం, పైవాళ్ల తాలూకు అని. అప్పటిదాకా వాడు వీడు అన్న మనిషి ఆ నిమిషం నుంచి గారు అయిపోయాడు. "శ్రీ నేనే గారి దివ్య సముఖమునకు, తమరి నాలుగు వేల మూడు వందల పన్నెండు విన్నపముల విషయమై తమరిని వీలువెంబడి సంప్రదించగోరుచున్నాము" అని నా చేత ఉత్తరం రాయించి, కవరు మీద 127.0.0.1 అని వేయించి రిజిస్టరు పోస్టులో పంపారు. చిరునామా అసంపూర్ణం అని తిరిగొచ్చింది. పిన్‌కోడు మరిచిపోయినందుకు నాకు మెమో.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు. మరిడమ్మ రెండుసార్లు వచ్చి వెళ్లింది. రెండోసారి గిద్యోను ఆవిడకు టీ తెప్పించి ఇచ్చి, లోపలికెళ్లి, ఎవరినీ అడగకుండా ఆ పది నిమిషాల పనీ చేసేశాడు. నాలుగు వేల మూడు వందల పన్నెండు ఫిర్యాదుల పక్కనా అసలు అడ్రసులు పడ్డాయి. మరిడమ్మ ఫిర్యాదు నత్తలంక రోడ్డులోని నెట్ సెంటరు నుంచి వచ్చినట్టు చక్కగా కనిపించింది. అతను సంతోషంగా ఆ కాగితం తెచ్చి శరభేశ్వరరావు గారి ముందు పెట్టాడు.

"ఒక్క పూటలో ఒక్క మనిషి నాలుగు వేల మందిగా ఎలా మారాడు?" అని అడిగారాయన. "ఎవరు మార్చారు?"

"సెట్టింగు మార్చింది నేనే సార్."

ఆ మాట అన్నాక అతను ఇంకేం చెప్పినా ఎవరూ వినలేదు. నిందితుడి పేరుతో తనను తాను పరిచయం చేసుకున్నందుకూ, సాక్ష్యం తారుమారు చేసినందుకూ, వినయలోపం వల్లా అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగిసింది. సెట్టింగు మళ్లీ ఎలా ఉండేదో అలా పెట్టించారు. వెళ్లే రోజు అతను నాతో, "మీరైనా చెప్పి ఉండాల్సింది సార్, మీకు అర్థమైంది కదా" అన్నాడు. నాకు రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ మాట అతనితో అనలేదు గాని, అతను నా మొహంలో చూసుకున్నాడు.

మే మొదటి వారంలో స్థల పరిశీలన పెట్టారు. నేనే గారి ఆచూకీ మొదట తగిలింది నత్తలంక వంతెన విన్నపంలో కాబట్టి, ఆ వంతెనకు రెండు గట్ల నుంచీ, నడిమధ్య నుంచీ పింగ్ చేసి చూడాలని నిర్ణయం. అయితే డిప్యూటీ డైరెక్టరు గారు అవతలి గట్టుకు వెళ్లాలంటే వంతెన దాటాలి. ఉన్నవి రెండు పుచ్చుదుంగలు. పెద్దాయన కాలు జారితే ఎవరు బాధ్యులు? ఇంజనీరింగు వాళ్లు రెండ్రోజుల్లో ఆరు కొత్త తాటిదుంగలు పాతవాటి పక్కన పరిచి, మేకులు దిగ్గొట్టి, అటూ ఇటూ పట్టుకోవడానికి మోకులు కట్టి, ఎండ తగలకుండా పైన కొబ్బరాకుల పందిరి వేశారు. నాలుగు నెలలుగా మరిడమ్మ ఏ పని కోసం తిరుగుతోందో అది నలభై గంటల్లో అయిపోయింది.

ఆవిడ సంతోషం చూడాల్సింది. వచ్చిన అందరికీ మజ్జిగ ఇచ్చింది. కొత్త దుంగల మీద ఉత్త కాళ్లతో ఆ చివర్నుంచి ఈ చివరకు నడిచి చూసుకుంది, చెయ్యి మోకు మీద వేసి ఊపి చూసుకుంది. "ఆలీసమైతే అయ్యింది గానీ బాగా ఏశారండి, నాలుగు తరాలు నిలబడద్ది," అంది నాతో. ఎంత వెటకారం మనిషినైనా, ఆ మొహం చూశాక నాకు ఈ ఉద్యోగం మీద ఒక పూట గౌరవం కలిగింది.

శరభేశ్వరరావు గారు ఇవతలి గట్టున పింగ్ చేశారు. పలికింది. పందిరి కింద వంతెన నడిమధ్య నిలబడి చేశారు. పలికింది. అవతలి గట్టు మీద చేశారు. పలికింది. "మూడుచోట్లా ఏకకాలంలో ఉనికి" అని నా చేత రాయించి, ఫొటోలు దిగి, మజ్జిగ తాగి జీపెక్కారు.

సాయంత్రం నాలుగింటికి దుంగలు తీసేశారు. అవి పరిశీలన నిమిత్తం చేసిన తాత్కాలిక ఏర్పాటు, పరిశీలన ముగిసింది కాబట్టి ఏర్పాటు కొనసాగించడానికి నిబంధనలు ఒప్పుకోవు. వాటితోపాటు పాతవి రెండూ కూడా తీసేశారు. ఎందుకంటే ఆ పూట జరిగిన పంచనామాలోనే అవి ప్రమాదకరమైనవని రాశాం. ప్రమాదకరమని లిఖితపూర్వకంగా తెలిశాక అలా ఉంచితే అది నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అంతా సక్రమంగానే జరిగింది. ఆర్డరు నేను అక్కడికక్కడే రాశాను. డిప్యూటీ డైరెక్టరు తరఫున అని వేసి కింద సంతకం పెట్టాను. ఆయన అప్పటికే జీపులో నిద్రపోతున్నారు.

మరిడమ్మ గట్టు మీద నిలబడింది. దుంగల్ని ట్రాక్టరు మీదకు ఎక్కిస్తుంటే ఒక్కో దుంగనూ లెక్కపెడుతున్నట్టు చూసింది.

రాజధానికి తుది నివేదిక వెళ్లింది. దాని నమూనా రాజధాని వాళ్లే పంపారు, మేం గళ్లు నింపాలి. మూలస్థానం అన్నచోట, ఎక్కడ అడిగితే అక్కడే కావున ఈ కార్యాలయమే అని రాయించారు శరభేశ్వరరావు గారు. నిందితుడి పేరు అన్నచోట నేనే అని. అన్ని గళ్లూ అయ్యాక చివర ధ్రువీకరణ వాక్యం ఒకటి నమూనాలోనే అచ్చయి ఉంది: "పై విన్నపములన్నిటికి మూలకారకుడు ............ అని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." చుక్కల్లో నేనే అని నింపాను. కింద ఆయన పూర్తి పేరుతో, ముద్రతో, పచ్చ సిరాతో సంతకం పెట్టారు. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. గిద్యోను విషయంలో నోరు మూసుకున్నది భయం వల్ల. ఈసారి మూసుకున్నది కసి కొద్దీ.

కానీ కసి తీర్చుకోవడానికి కూడా మా శాఖలో చోటు లేదని నెలాఖరుకు తెలిసింది. రాజధాని నుంచి జవాబు వచ్చింది. "నాలుగు వేల మూడు వందల పన్నెండు విన్నపములకు తానే మూలకారకుడనని డిప్యూటీ డైరెక్టరు శ్రీ శరభేశ్వరరావు నిర్మొహమాటముగా అంగీకరించియున్నారు. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వముపై ఫిర్యాదు చేయుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. కావున సదరు విన్నపములన్నియు చెల్లనివిగా భావించి మూసివేయడమైనది. దీనితో ఈ జిల్లా పెండింగు విన్నపములు లేని తొలి జిల్లాగా గుర్తింపు పొందినది. తన తప్పును తానే కనిపెట్టి తానే ధ్రువీకరించిన అధికారి నిజాయితీ అందరికీ ఆదర్శము." కింద ప్రశంసాపత్రం, దాని కింద ప్రమోషను.

సన్మానం జూన్ పదమూడున పెట్టుకున్నాం. అంతకు వారం ముందే కాలవకు నీళ్లొదిలారు. బళ్లు పన్నెండున తెరిచారు. ఈ రెండు సంగతులూ మా ఆహ్వాన పత్రికలో లేవు.

శరభేశ్వరరావు గారి గదిలో ఏసీ వేసుకుని, తలుపు మూసుకుని పదకొండు మందిమి ఉన్నాం. ఇంజనీరింగు వాళ్లు ఇద్దరు, మా సెక్షను వాళ్లు, సంతకాలు పెట్టిన వాళ్లందరూ. బల్ల మీద శాలువా, పూలదండ. పక్కన కంప్యూటరులో, వచ్చినవాళ్లకు చూపించడానికి, ఆగకుండా సాగే పింగ్ ఒకటి పెట్టి ఉంచారు. జవాబు వెనక జవాబు వరసలుగా పైకి పోతోంది. ఒకాయన లేచి, "నేనే గారిని పట్టుకున్న ఘనత..." అని మొదలుపెట్టాడు.

తలుపు చప్పుడైంది.

"ఎవరు?" అన్నారు శరభేశ్వరరావు గారు.

"నేనేనండి," అంది బయటి గొంతు.

పదకొండు మందిమీ కుర్చీల్లో బిగుసుకుపోయాం. నవ్వకండి, నేను కూడా తెర వైపు చూశాను. ఎవరూ లేవకపోయేసరికి తలుపు దానంతటదే తెరుచుకుంది.

మరిడమ్మ. నడుం దాకా తడిసిన చీర బస్సులో సగం ఆరినట్టుంది, కుచ్చిళ్లకు బురద అంటుకుని ఉంది. చేతిలో పెద్ద అల్యూమినియం గిన్నె, ఒకపక్క సొట్ట. తెచ్చి శాలువా మీద పెట్టింది.

"నిన్న బడి తెరిచారండి," అంది. "లాకుల మీంచి తిరిగెళ్లానండి, వెళ్లేతలికి రెండయ్యింది. ఆకలికి పిల్లలు ఏడుత్తుంటే మేష్టారు బిస్కట్లు పెట్టారు. ఇయ్యాల ఆలీసం అవకూడదని కాలవలో దిగానండి. నడుమ్మీద నీళ్లు. మధ్యలో కాలు తిరగబడి గిన్నెట్టుకుని పడ్డానండి. అన్నం పోయింది. నన్ను ఆ ఒడ్డునున్నోళ్లు లాగారు."

"అమ్మా, నీ విన్నపం మూసివేయబడింది," అన్నారు శరభేశ్వరరావు గారు. "దానికి మూలకారకులు వేరే ఉన్నట్టు రుజువైంది."

"రాసింది నేనే అని మొదట్రోజే చెప్పానండి. మీరు ఒప్పుకోలేదు, పోన్లెండి. ఆ పెట్టెలో ఎవరో ఉన్నారు, పిలిత్తే పలుకుతారు అన్నారు కదండీ. పలికేవోడైతే మా పిల్లల అన్నం మొయ్యమనండి." ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నేనొకటడుగుతానండి. ఆరు కొత్త దుంగలేసి, అవి తీసేసి, ఉన్న రెండు కూడా ఊడబెరికించారు. ఆ తీయించింది ఎవరండీ?"

ఇంజనీరింగు వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శరభేశ్వరరావు గారు పూలదండలో ఒక రేక తుంచారు. మూడు నెలలపాటు ఆ మాట కోసం బాత్రూములు వెతికాం, సముద్రందాకా వెళ్లాం, ఒకడి జీతం ఆపాం, ఒకడి ఉద్యోగం తీశాం. ఇప్పుడు ఎదురుగా నిలబడి ఎవరు అని అడుగుతుంటే, ఆ ఒక్క మాట అనేవాళ్లు పదకొండు మందిలో ఒక్కరూ లేరు.

ఆ ఆర్డరు మీద సంతకం నాది. ఆవిడ చూపు ఒక్కొక్కరి మీదుగా వచ్చి నా మీద ఆగింది. నేను ఏసీ వైపు చూశాను.

"సరేలెండి," అని ఆవిడ గిన్నె తీసుకుంది.

ఆవిడ మెట్లు దిగుతున్న అడుగులు వినిపించినంతసేపూ మేం అలాగే కూర్చున్నాం. గదిలో పలుకుతున్నది ఆ తెర ఒక్కటే. నేనే, నేనే, నేనే అని వరసలు పడుతూనే ఉన్నాయి.